కుడి చక్రం దగ్గరి కీలు

ఆడపిల్ల బండి కింద పడుకుని గ్రీజు కొట్టడమేమిటని మా అమ్మను అడగని చుట్టం లేదు. వాళ్ళందరితో నేనే వాదించాను. వాదించిన ప్రతిసారీ గెలిచాను. తీరా ఆ పని నా చేతికి వచ్చాక సరిగా చెయ్యలేదు. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ తరవాత దాని గురించి నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం వాదిస్తానో నాకు తెలుసు కాబట్టి, అడగకముందే రాస్తున్నాను.

మేం చిలకలగూడలో ఉండేవాళ్ళం. నాన్నది గుంటూరు వైపు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పాతికేళ్ళు ఫిట్టరుగా చేసి బయటికొచ్చాక, మిషన్ ఆసుపత్రి వాళ్ళ బండి చూసుకునే పని కుదిరింది. అమ్మ మిషన్ బడిలో టీచరు. నేను బి.ఏ. చదువుతున్నాను, అందులో తర్కశాస్త్రం ఒక పేపరు. ఆ పేపరు నాకు కాలేజీలో కన్నా ఇంట్లోనే ఎక్కువ పనికొచ్చేది.

బండి అంటే మామూలు బండి కాదు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలించుకున్న ట్రక్కు. నాలుగు చక్రాలూ లాగుతాయి. ఆసుపత్రివాళ్ళు దాని ఆకుపచ్చ రంగు మీద తెల్లరంగు వేయించారు గానీ, వాన పడినప్పుడల్లా కిందినుంచి పచ్చరంగు తొంగిచూసేది. సోమవారం పొద్దున మందుల పెట్టెలు, ఇద్దరు నర్సులు, ఒక లేడీ డాక్టరు ఎక్కి పల్లెలకు వెళితే మళ్ళీ శుక్రవారం సాయంత్రానికి వచ్చేవాళ్ళు. శనివారం మధ్యాహ్నం నాన్న దాని కిందికి దూరేవారు. ఆదివారం మా ఇంట్లో పనిముట్టు ముట్టుకోకూడదు. కూరగాయల కత్తికి మాత్రం మినహాయింపు.

"మామూలు లారీకి ముందు చక్రాలు తిరిగితే చాలు. దీనికి తిరగాలీ, లాగాలీ. అందుకని భారమంతా ఈ కీళ్ళ మీద పడుద్ది," అని నాన్న నన్ను పక్కన పడుకోబెట్టి చూపించారు. స్టీరింగు తిప్పితే ఆ తిప్పుడు చక్రం దాకా వెళ్ళే ఇనుప కడ్డీలకు కొసల దగ్గర కీళ్ళుంటాయి. మన తుంటి ఎముకలాగే, గిన్నెలో గుండు. ఆ గుండుకూ గిన్నెకూ మధ్య గ్రీజు ఉండాలి. గ్రీజు లోపలికి ఎక్కించడానికి ప్రతి కీలుకూ చనుమొనంత ఇత్తడి నిపిల్ ఒకటి. ముందు దాన్ని గుడ్డతో తుడవాలి, లేకపోతే పైనున్న మట్టే లోపలికి పోతుంది. తరవాత గ్రీజు గన్ దానికి తగిలించి నొక్కాలి. ఎంతసేపు? కీలు అంచులోంచి పాత నల్ల గ్రీజు బయటికొచ్చి, దాని వెనక కొత్తది పచ్చగా కనబడేదాకా.

"కొత్తది కంటితో చూడాలి. చూశాననుకోకూడదు," అనేవారు నాన్న.

ముందు వైపు అలాంటి కీళ్ళు నాలుగు. ఒక్కొక్కటీ అయ్యాక నాన్న బంపరు మీద సుద్దతో ఒక గీత గీసేవారు. వర్క్‌షాపు అలవాటు. చూసిన వస్తువు మీద గీత లేకపోతే అక్కడ ఆ వస్తువు గుమ్మం దాటదట. సోమవారం పొద్దున డ్రైవరు వచ్చి, ఆ గీతలు లెక్కపెట్టి, అరచేత్తో తుడిచేసి, "బిస్మిల్లా" అని బండి ఎక్కేవాడు. నాలుగు గీతలు లేకపోతే ఎక్కేవాడు కాదు. లేడీ డాక్టరు వాచీ చూసుకున్నా సరే.

ఆ డ్రైవరును నేను చాచా అనేదాన్ని. మౌలాలి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. గోరింట పెట్టిన గడ్డం, ఇస్త్రీ నలగని కమీజు. పూర్వం ఒక జాగీర్దారు గారి కారు తోలేవాడు. ఆ కారు గురించి చెప్పడం మొదలుపెడితే రోడ్డు అయిపోయేదిగానీ కథ అయ్యేది కాదని నర్సులు నవ్వుకునేవాళ్ళు. నన్ను బండి కింద చూస్తే ఆయనకు పండగ.

"ఏంది మేస్త్రీ సాబ్, బేటీకి బి.ఏ. సదివిస్తున్నరా, మిస్త్రీ పని సదివిస్తున్నరా?"

"రెండూ చాచా. మీరు ఒక్కటే చదివారు కదా, అందుకే నోరు అంత తీరుబడిగా ఉంది."

"తోబా! గ్రీజు గన్ కంటె నీ నోరే నయం బేటీ. ఏ కీలుకైన ఎక్కుతది."

పోలీసు యాక్షన్ అయి అప్పటికి ఏడాది నిండలేదు. ఊళ్ళో పైకి అంతా సర్దుకున్నట్టే ఉండేది. సర్దుకోనివాళ్ళు పైకి మాట్లాడేవాళ్ళు కాదు. చాచా తమ్ముడు ఒకడు ఆ గొడవలకు ముందు ఇల్లు వదిలిపోయి తిరిగి రాలేదు. రజాకార్లలో కలిశాడని ఒకరు, పాకిస్తాను పోయాడని ఒకరు, ఎక్కడో చచ్చిపోయాడని ఒకరు. చాచాను అడిగితే, "వాడు నాతోని లడాయి పెట్టుకొని పోయిండు బేటీ. వస్తె మళ్ళ లడాయి పెట్టుకుంట," అనేవాడు. ఆసుపత్రి కమిటీలో మా చర్చి సంఘపెద్ద ఒకరు ఉండేవారు. ఈ తమ్ముడి సంగతి మా నాన్న దగ్గర మూడు నాలుగుసార్లు కదిపారు. నాన్న ప్రతిసారీ బండి కిందికి దూరిపోయారు.

ఆ వానాకాలం మొదట్లో నాన్నకు టైఫాయిడ్ వచ్చింది. పడక తప్పలేదు. శనివారం గ్రీజు సంగతేమిటని అమ్మ అడిగితే నేను ఉన్నానన్నాను. నాన్న దుప్పట్లోంచి, "కొత్తది కంటితో చూడు," అని మాత్రం అన్నారు.

మొదటి శనివారం నాలుగు కీళ్ళకూ కొట్టాను. నాలుగింటిలోనూ కొత్త గ్రీజు కంటితో చూశాను. గీతలు గీశాను. నాలుగో గీత కాస్త గర్వంగా, పొడుగ్గా గీశానని కూడా గుర్తుంది.

రెండో శనివారం కుడి చక్రం దగ్గరి కీలు మొండికేసింది. గన్ తగిలించి నొక్కితే గ్రీజు లోపలికి పోకుండా నిపిల్ చుట్టూ వెనక్కి తన్నుకొచ్చి నా మోచేతి మీద పడింది. ఆ వారం బండి రెండు వాగులు దాటింది, లోపలికి మట్టి చేరి గట్టిపడి ఉంటుంది. ఏం చెయ్యాలో నాకు తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇంత కాలం మొయ్యను. నిపిల్ విప్పి, కిరోసిన్‌లో నానబెట్టి, సన్నటి తీగతో పొడిచి, మళ్ళీ బిగించాలి. గంట పని. నాలుగున్నరకు చర్చిలో పాటల ప్రాక్టీసు ఉంది. అందులో నాకొక సోలో ఉంది. చేతులకున్న గ్రీజు కడుక్కోవడానికే అరగంట పడుతుంది. బయట కారిన గ్రీజును గుడ్డతో కీలు అంచు చుట్టూ నున్నగా పులిమాను. చూస్తే అచ్చం లోపల్నుంచి వచ్చినట్టే ఉంది. వచ్చే శనివారం విప్పుదామనుకుని నాలుగో గీత గీశాను.

వచ్చే శనివారం వాన. ఆ పై శనివారం పరీక్ష. ఒకసారి గీసిన చేతికి రెండోసారి ఆగాలనిపించదు. ఆ కీలు దగ్గరకు వచ్చేసరికి గన్ తగిలించడం కూడా మానేశాను. తిన్నగా పులమడమే.

ఐదో వారమో, ఆరో వారమో, చాచా సోమవారం పొద్దున గీతలు తుడవకుండా నిలబడ్డాడు.

"బేటీ, స్టీరింగు కుడి పక్క జెర బరువుగ ఉన్నది. తిప్పుతుంటె కిర్రుమంటున్నది. మేస్త్రీ సాబ్‌ను అడుగుదామంటె బుఖార్ల ఉన్నడు."

"కిర్రుమనక ఏం చేస్తుంది చాచా? మీరు గుంటలు చూసి తోలుతారా, జాగీర్దారు కారు తలచుకుంటూ తోలుతారా?"

నర్సులు నవ్వారు. చాచా కూడా నవ్వాడు. "సరె, సరె. గీతలు నాలుగు ఉన్నయ్ గదా," అని చేత్తో తుడిచి ఎక్కాడు.

ఆ వారమే, బుధవారం నాడు, ఒక చెరువుకట్ట మలుపులో ఆ కీలు విడిపోయింది. గిన్నెలోంచి గుండు ఊడొచ్చింది. చక్రం ఒక వైపు, స్టీరింగు ఒక వైపు. బండి కట్ట దిగి వరిమళ్ళలో పక్కకు ఒరిగింది. చెరువు వైపు దిగి ఉంటే ఇది నేను రాయగలిగే సంగతి అయ్యేది కాదు. ఒక నర్సుకు భుజం దగ్గర ఎముక విరిగింది, మిగతావాళ్ళకు దెబ్బలు. బండిని పొలంలోంచి లాగడానికి రెండు రోజులు పట్టింది.

తరవాతి వారం కమిటీ కూర్చుంది. ఆసుపత్రి వరండా చివరి గది. లేడీ డాక్టరు, సంఘపెద్ద, ఇంకో ఇద్దరు. నాన్న లేచి కూర్చునే స్థితిలో లేరు కాబట్టి నేను వెళ్ళాను. చాచా గోడకు ఆనుకోకుండా నిలబడి ఉన్నాడు, చేతిలో వార్తాపత్రికలో చుట్టిన ఇనుపముక్క. నన్ను చూసి తల ఊపాడు. మామూలుగా ఊపినట్టే.

"బండి బాగుంటే తోలినవాడిది తప్పు. బాగులేకపోతే చూసినవాళ్ళది తప్పు. ఇద్దరిలో ఒకళ్ళు జవాబు చెప్పుకోవాలి," అన్నారు సంఘపెద్ద.

చాచా కాగితం విప్పి కీలు బల్ల మీద పెట్టాడు. "ఎండిపోయింది సాబ్. లోపల తుప్పు చూడండి. గ్రీజు ముట్టలే దీనికి."

నిజం చెప్పడానికి నాకు అంతకన్నా మంచి సమయం లేదు. దీనికి గ్రీజు ఎక్కలేదండీ, నేనే సరిగా చెయ్యలేదండీ అంటే అయిపోయేది. మహా అయితే నాన్నకు మాట వచ్చేది. కానీ సంఘపెద్ద నా వైపు తిరిగి, "ఏమమ్మా, ఆడపిల్లవు, నీకేం తెలుసు గ్రీజు సంగతి?" అన్నారు. ఆ ఒక్క మాటకు నాకు ఒళ్ళు మండింది. ఆ మంట పట్టుకుని మొదలుపెట్టాను.

"కీలు విడిపోయాక రెండు రోజులు పొలం నీళ్ళలో ఉందండీ. నోరు తెరుచుకున్న గిన్నెలో గ్రీజు నిలుస్తుందా? తుప్పు పట్టదా? చాచా, ఆ సోమవారం మీరు సుద్దగీతలు చూశారా?"

"చూసిన."

"ఎన్ని?"

"నాలుగు."

"నాలుగూ లేకపోతే మీరు బండి తీయరు కదా?"

"తియ్యను."

"తీశారు కాబట్టి గీతలున్నట్టే. గీతలుంటే గ్రీజు కొట్టినట్టే. లేదా గీతలు అబద్ధమనండి."

చాచా నా మొహం చూశాడు. "మేస్త్రీ సాబ్ ఇంటి గీతను ఈడ నిలబడి అబద్ధమని నేనైతె అనను," అన్నాడు.

"అయితే నిజమేగా," అన్నారు సంఘపెద్ద.

అక్కడ ఆగినా బాగుండేది. "గుంటల దగ్గర నెమ్మదిగా పొమ్మని నర్సమ్మలు ఎన్నిసార్లు చెప్పారో అడగండి," అన్నాను. ఎవరూ అడగని మాట. గెలుపు రుచి నోట్లో ఉండగా వచ్చిన మాట.

లేడీ డాక్టరు ఏదో రాసుకుంది. సంఘపెద్ద పక్కాయనతో, "ఎలాగూ ఈ రోజుల్లో మనం కూడా కాస్త చూసుకోవాలి," అన్నారు. ఏం చూసుకోవాలో చెప్పలేదు. ఆ మాట నాకు అర్థం కాలేదని రాస్తే సగం తప్పు తగ్గుతుంది. కానీ అర్థమైంది. చాచాకు కూడా అర్థమైంది. ఇనుపముక్క మళ్ళీ కాగితంలో చుట్టబోతే, దాన్ని అక్కడే ఉంచమన్నారు. సాయంత్రానికి ఆయన్ను పనిలోంచి తీసేశారు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ, "పోనీ, మీ నాన్న పేరు నిలబడింది," అంది. నాన్న కళ్ళు మూసుకుని విన్నారు. "అంత అడ్డంగా తోలే మనిషి కాదే వాడు," అని మాత్రం అన్నారు.

మూడు వారాలకు నాన్న కర్ర పట్టుకుని ఆసుపత్రి షెడ్డుకు వెళ్ళారు. వెంట నేను. బండిని బాగుచెయ్యడానికి ముందు విరిగిన సామాను చూస్తానన్నారు. బల్ల మీద ఆ కీలు ఉంది. నాన్న నిపిల్ విప్పి, తుడిచి, నోట్లో పెట్టుకుని ఊదారు. బుగ్గలు ఉబ్బాయిగానీ గాలి పోలేదు. వెలుతురుకు పట్టి చూశారు. తరవాత నన్ను చూశారు.

"ఎన్ని వారాలనుంచి?"

"ఏది?"

"నాతో ఏది అనకు."

"నాలుగు. ఐదేమో."

"గీత గీశావు."

"మిగతా మూడూ సరిగ్గానే కొట్టాను నాన్నా. అయినా ఆ బండి యుద్ధం నాటిది. ఆ కీలు ముందే అరిగిందని మీరేగా అన్నారు?"

"అరిగింది కాబట్టే కొట్టమన్నాను."

 

నాన్న ఆ నిపిల్‌ను జేబురుమాల్లో కట్టుకుని నేరుగా లేడీ డాక్టరు గదికి నడిచారు. నేను గుమ్మంలో ఉన్నాను. ఆమె దొరసాని. తెలుగు పుస్తకాలు చదివి నేర్చుకున్న మనిషి, పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేది.

"తప్పు మా ఇంటిదండీ. దీంట్లోకి గ్రీజు ఎక్కలేదు. అతన్ని పిలిపించండి. తీసేస్తే నన్ను తీసెయ్యండి."

"మేస్త్రిగారూ, ఆ సంగతి ముగిసినది. క్రొత్త డ్రైవరు వచ్చియున్నాడు. సంఘపెద్దగారి ఎరుకలోని మనుష్యుడు. ఈ కాలములో అతనికిని మనకును ఇదియే మేలు."

"మేలు సంగతి కాదండీ. అతను తప్పు చెయ్యలేదు."

"మిమ్మును మేము తప్పుపట్టుట లేదు గదా?" అంది ఆమె, ఓదార్పుగానే.

నాన్న రుమాలు మళ్ళీ ముడేసుకున్నారు. అప్పుడు నాకు తెలిసివచ్చింది, కమిటీ కూర్చున్న రోజు నా తర్కాన్ని ఎవరూ తూచలేదని. వాళ్ళకు ఒక కారణం కావాలి. చదువుకున్న పిల్ల, శుభ్రమైన కారణం, చేతికి అందించింది.

మర్నాడు నాన్న నన్ను వెంటబెట్టుకుని మౌలాలి వెళ్ళారు. చాచా ఇల్లు గుట్ట కింద, రెండు గదులు, వాకిట్లో మంచం. చాచా లేచి నాన్నకు చెయ్యి అందించి కూర్చోబెట్టాడు. జబ్బు సంగతి అడిగాడు. తెర వెనకనుంచి చాయ్ వచ్చింది. నాన్న అంతా చెప్పారు. మధ్యలో నన్ను చూడలేదు. చివర, "అమ్మాయ్, ఇక నువ్వు చెప్పు," అన్నారు.

చెప్పాను. నా మాటలు అంత పొట్టిగా ఎప్పుడూ లేవు.

"నాకు ఎర్కనే," అన్నాడు చాచా. "కీలు చూసిన రోజే ఎర్క. మేస్త్రీ సాబ్ బుఖార్ల ఉన్నడు, గీత ఎవరిదో ఎర్క లేదా?"

"మరి ఎందుకు చెప్పలేదు చాచా?"

"చెప్పలేదా? ఎండిపోయిందని చెప్పలేదా నేను? వకీలు లెక్క ఎవరు అడ్డం తిరిగిండ్రు?" గొంతు పెరిగింది. తెర వెనక గాజులు కదిలాయి. ఆయన గొంతు తగ్గించాడు. "సూడు బేటీ. నువ్వు ఉన్నా లేకున్నా నన్ను తీసేటోళ్ళే కావొచ్చు. కానీ గప్పుడు వాళ్ళకు జెర తక్లీఫ్ అయ్యేది. ఒకరి మొహం ఒకరు సూసుకునేటోళ్ళు. ఏం చెప్పి తియ్యాలెనని నాలుగు దినాలు పరేషాన్ అయ్యేటోళ్ళు. నువ్వు గంత తక్లీఫ్ సుత లేకుంట చేసినవ్."

నాన్న తల వంచుకున్నారు. నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుంది, అది కూడా ఆయన మీదే పడుతుంది.

కాసేపటికి చాచా లోపలికి పోయి ఒక కాగితం తెచ్చాడు. నిజామాబాద్ దారిలో లారీలు నడిపే ఒక సేటు దగ్గర పని ఉందట. ఇంగ్లీషులో అర్జీ రాయించుకు రమ్మన్నారట. "బి.ఏ. సదువుతున్నవ్ గదా. రాయి," అన్నాడు.

మంచం మీద కూర్చుని, ఒక పీట తిరగేసి ఒళ్ళో పెట్టుకుని రాశాను. పేరు, వయసు, ఎన్నేళ్ళ అనుభవం, ఏ ఏ బండ్లు. జాగీర్దారు కారు సంగతి ఆయన అడక్కుండానే బాగా రాశాను. చివర, ఇదివరకటి పని ఎందుకు వదలవలసి వచ్చింది అన్నచోట ఆగాను.

"బండిలో లోపం వల్ల ప్రమాదం, డ్రైవరు తప్పేం లేదు అని రాస్తాను. నా సంతకం కూడా పెడతాను," అన్నాను.

"వద్దు. సేటు ఆసుపత్రికి చిట్టీ రాసి అడుగుతడు. ఆడ కాగితంల ఏమున్నదో ఈడ గదే ఉండాలె. లేకుంటె ఝూటా మనిషి అంటడు. ఉన్న తప్పు ఒప్పుకున్నోన్ని తీసుకుంటరు. ఝూటాగాన్ని తీసుకోరు."

"కానీ చాచా, అది నిజం కాదు కదా."

"రాయి బేటీ. వాదన పెట్టుకోకు."

నాన్న వైపు చూశాను. నాన్న వాకిలి బయటికి చూస్తున్నారు.

రాశాను. నా నిర్లక్ష్యం వల్ల బండి ప్రమాదానికి గురైంది, అందుకు పనిలోంచి తొలగించారు, ఇకపై జాగ్రత్తగా నడుపుతాను, అని మంచి ఇంగ్లీషులో, దస్తూరీ వంకర పోకుండా. చాచా కాగితం తీసుకుని, అక్షరాల కేసి చూసి, తిరిగి ఇచ్చాడు.

"నాకు ఇంగ్లీషు రాదు గదా. ఏం రాసినవో సదివి తెలుగుల చెప్పు."

మొదటినుంచి చదివి చెప్పాను. పేరు, వయసు, బండ్లు. జాగీర్దారు కారు దగ్గర ఆయన గడ్డం నిమురుకుని, కొంచెం నవ్వాడు కూడా. ఆఖరి వాక్యం దగ్గరికి వచ్చి కాగితం దించాను.

"సదువు," అన్నాడు. "గట్టిగ సదువు. లోపల మా ఇంటామె సుత ఇనాలె."